సూది నుంచి రిపోర్టు దాకా: రక్త నమూనాలపై పాఠకుల ప్రశ్నలు

రక్త పరీక్షల రిపోర్టులను ఎలా చదవాలో గత సంచికలో వివరించిన తరువాత మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రిపోర్టు గురించి కాక, దానికి ముందు జరిగే పని గురించి, అంటే సూది, ట్యూబులు, రక్తం తీసే పద్ధతి గురించి ఉన్నాయి. పలువురు అడిగిన ప్రశ్నలను కలిపి కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మధుమేహం, థైరాయిడ్ పరీక్షలకు వెళ్తే సూది ఒక్కసారే గుచ్చారు గానీ మూడు ట్యూబుల్లో రక్తం నింపారు. ఒక్కో ట్యూబు మూతది ఒక్కో రంగు. ఒకే ట్యూబులో తీసి ల్యాబులో పంచుకోవచ్చు కదా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అలా పంచుకోవడానికి వీలు లేదు. శరీరం నుంచి బయటికి వచ్చిన రక్తం కొద్ది నిమిషాల్లోనే గడ్డకట్టడం మొదలవుతుంది. కొన్ని పరీక్షలకు రక్తం అలా గడ్డకట్టడమే కావాలి, మరికొన్నింటికి గడ్డకట్టిన రక్తం ఎందుకూ పనికిరాదు. ట్యూబు లోపల ముందుగానే ఏ రసాయనం వేసి ఉంచారో మూత రంగును బట్టి తెలుస్తుంది.

ఊదా రంగు మూత ఉన్న ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం తప్పనిసరి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని బంధించి గడ్డకట్టకుండా ఆపుతుంది, కణాల ఆకారాన్ని కూడా చెడనివ్వదు. అందుకే హీమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల లెక్కకూ, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీకీ దానినే వాడతారు. అదే రోజు పరగడుపు చక్కెర చూడాలంటే మాత్రం బూడిద రంగు మూత ట్యూబు కావాలి, ఎందుకంటే ట్యూబులో ఉన్నా సరే ఎర్రకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి, ఆ విధంగా గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. మీ చక్కెర నిజంగా 130 ఉండి, మామూలు ట్యూబులో తీసిన రక్తం మూడు గంటలు అలాగే నిలిచిపోతే, రిపోర్టులో 110 దగ్గరి అంకె రావచ్చు. బూడిద రంగు ట్యూబులోని సోడియం ఫ్లోరైడ్ ఈ ఖర్చును ఆపుతుంది, అయితే అది పూర్తిగా పని చేయడానికి గంటకు పైగానే పడుతుంది గనుక ఆ ట్యూబును కూడా త్వరగా ల్యాబుకు చేర్చడమే మేలు.

థైరాయిడ్, కొలెస్టరాల్, క్రియాటినిన్ వంటి పరీక్షలకు ఎర్ర లేదా పసుపు మూత ట్యూబు వాడతారు. ఇందులో రక్తాన్ని సుమారు అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, తరువాత సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి, పైకి తేలిన సీరంను పరీక్షిస్తారు. పసుపు మూత ట్యూబు అడుగున ఉండే జెల్, తిప్పినప్పుడు సీరానికీ కణాలకూ మధ్యకు చేరి అడ్డుగోడలా నిలుస్తుంది.

మీకు అవసరం పడకపోయినా లేత నీలం మూత ట్యూబు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గుండె కవాటం మార్పిడి తరువాత రక్తం త్వరగా గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ వంటి మాత్రలు వాడుతూ, గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకునేవారు మన పాఠకులలో చాలామంది ఉన్నారు. ఈ ట్యూబులో ఒక పాలు సిట్రేట్ ద్రావణం ఉంటుంది, దానికి సరిగ్గా తొమ్మిది పాళ్ల రక్తం చేరాలి. గీత దాకా నింపకుండా సగంలో ఆపితే సిట్రేట్ పాలు ఎక్కువై, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం లేనిపోనిదిగా పెరిగి కనబడుతుంది. ఆ అంకెను నమ్మి మాత్ర మోతాదు తగ్గిస్తే కవాటంపై గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. ఐఎన్‌ఆర్ కోసం వెళ్లినవారు తమ ట్యూబు గీత దాకా నిండిందో లేదో కళ్లారా చూసుకోవడంలో తప్పేమీ లేదు.

ట్యూబులు నింపే వరుస కూడా నియమబద్ధమైనదే. రక్తంలో సూక్ష్మజీవులను వెతికే బ్లడ్ కల్చర్ పరీక్ష ఉంటే ఆ సీసాలు మొదట నింపాలి. తరువాత లేత నీలం, ఆపై ఎర్ర లేదా పసుపు, అవసరమైతే గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉండే ఆకుపచ్చ, ఆ తరువాత ఊదా, చివరగా బూడిద. ముందరి ట్యూబులోని రసాయనం సూది ద్వారా కొద్దిగానైనా తరువాతి ట్యూబులోకి చేరి ఫలితాన్ని మార్చకుండా ఈ వరుసను నిర్ణయించారు. నింపిన ప్రతి ట్యూబునూ నెమ్మదిగా తలకిందులు చేసి రసాయనం కలిసేలా చూడాలి. నీలం ట్యూబుకు మూడు నాలుగు సార్లు, ఊదా, బూడిద ట్యూబులకు ఎనిమిది నుంచి పది సార్లు అవసరం. గట్టిగా కుదపకూడదు.

ప్రశ్న: మా నాన్నగారికి పొటాషియం 6.8 అని రిపోర్టు రావడంతో ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ మళ్లీ తీస్తే 4.4 వచ్చింది. మొదటి ల్యాబు మోసం చేసిందా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీరు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లడం సరైన పని. రక్తంలో పొటాషియం సాధారణంగా 3.5 నుంచి 5 వరకు ఉంటుంది. అది నిజంగా 6.8కి చేరితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలోనూ, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారిలోనూ అలా పెరగడం అరుదేమీ కాదు. కాబట్టి అటువంటి అంకెను చూసి "ల్యాబు తప్పులే" అని ఎవరూ పక్కన పెట్టకూడదు. ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ ఇవ్వాలి.

ఇక మోసం సంగతి. పొటాషియంలో అత్యధిక భాగం కణాల లోపలే ఉంటుంది, బయటి ద్రవంలో ఉండేది చాలా స్వల్పం. అందువల్ల రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు కొన్ని పగిలినా లోపలి పొటాషియం బయటికి వచ్చి అంకె పెరుగుతుంది. ల్యాబులో దీనిని హీమోలిసిస్ అంటారు. మరీ సన్నని సూదితో సిరంజిని బలంగా లాగడం, సిరంజిలోని రక్తాన్ని ట్యూబులోకి ఒత్తిడితో నెట్టడం, స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, ట్యూబును కుదపడం దీనికి ముఖ్య కారణాలు. అలాంటి సీరం లేత పసుపుకు బదులు గులాబీ, ఎరుపు ఛాయలో ఉంటుంది, శ్రద్ధ గల టెక్నీషియన్ దానిని చూసి అక్కడికక్కడే మరో నమూనా అడుగుతారు.

కణాలు పగలకపోయినా అంకె పెరిగే దారులు ఉన్నాయి. చేతికి పట్టీ కట్టి "పిడికిలి మూసి తెరవండి" అని పదే పదే చేయిస్తే ముంజేతి కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. ఈ అలవాటు మన దగ్గర ఇంకా విస్తారంగా ఉంది, పిడికిలి ఒకసారి మూసి ఉంచితే చాలు. రక్తాన్ని సీరంగా వేరు చేయకుండా ఫ్రిజ్‌లో పెట్టడం మరొకటి. చల్లదనంలో కణాలు పొటాషియాన్ని లోపల నిలుపుకోలేవు. ఊదా ట్యూబులోని ఈడీటీఏ పొటాషియం లవణ రూపంలో ఉంటుంది గనుక, ఆ ట్యూబు రక్తం పొరపాటున ఎర్ర ట్యూబులో కలిస్తే పొటాషియం విపరీతంగా పెరిగి, కాల్షియం విపరీతంగా తగ్గి కనబడుతుంది. మొదటి రిపోర్టులో కాల్షియం కూడా చూసి ఉంటే ఆ అంకె ఎంతో గమనించండి. అది కూడా అసాధారణంగా తక్కువైతే అనుమానం దాదాపు ఖాయం.

ఇంటికి వచ్చి నమూనాలు తీసుకువెళ్లే సేవలు పెరిగాయి, అవి వృద్ధులకు ఎంతో సౌకర్యం. కానీ తీసిన రక్తం ఎండలో బండి మీద పది ఇళ్లు తిరిగి మధ్యాహ్నానికి ల్యాబు చేరితే చక్కెర, పొటాషియం రెండూ నమ్మదగినవి కావు. సీరం పరీక్షల ట్యూబును రెండు గంటల లోపు వేరు చేయాలి. లక్షల ఖరీదైన యంత్రాలు కొనడంపై చూపే శ్రద్ధలో సగం కూడా మన ల్యాబులు రక్తం తీసే మనిషి శిక్షణపై చూపడం లేదన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) మొదటి సంవత్సరం విద్యార్థిని. రక్తం తీయడానికి ఏ సూది ఎంచుకోవాలి, ఎక్కడ గుచ్చాలి, పట్టీ ఎంతసేపు ఉంచాలి అన్న విషయాలను ఒక్కో సీనియరు ఒక్కో విధంగా చెబుతున్నారు. (ఒక విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ పనికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది. దొరికితే తప్పక చదవండి. ఇక్కడ ముఖ్యమైనవి చెబుతాను.

గేజ్ సంఖ్య పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. పెద్దవారికి మామూలుగా 21 గేజ్ చాలు, దాని వెలుపలి వ్యాసం 0.8 మిల్లీమీటర్లు, గుర్తు రంగు ఆకుపచ్చ. 22 గేజ్ నల్లది. 23 గేజ్ నీలం రంగుది, దీనిని రెక్కలుండే బటర్‌ఫ్లై సెట్‌లో సన్నని సిరలకూ పిల్లలకూ వాడతారు. వాక్యూమ్ ట్యూబుల పద్ధతిలో సూదికి రెండు కొనలు ఉంటాయి. ఒకటి సిరలోకి వెళుతుంది, రబ్బరు తొడుగు ఉన్న రెండవది హోల్డర్ లోపల ట్యూబు మూతను పొడుస్తుంది. ట్యూబులోని శూన్యమే తనకు కావలసినంత రక్తాన్ని లాక్కుంటుంది గనుక ఒకే గుచ్చుతో ఎన్ని ట్యూబులైనా మార్చవచ్చు. బటర్‌ఫ్లై వాడుతూ మొదట నీలం ట్యూబు నింపాల్సి వస్తే, దాని పొడవాటి గొట్టంలోని గాలి ట్యూబులో చేరి రక్తం పాలు తగ్గుతుంది, అందుకని ముందుగా ఒక ట్యూబు పెట్టి తీసి పారవేయాలి.

సూది చేతపట్టకముందే చేయవలసిన పని ఒకటి ఉంది. రోగిని "మీ పేరు చెప్పండి" అని అడగాలి తప్ప "మీరు ఫలానా వారేనా?" అని అడగకూడదు. చెవి సరిగా వినబడని పెద్దవారు దేనికైనా తల ఊపుతారు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండే మన ప్రాంతంలో పేరుతో పాటు వయసో, ఓపీ నంబరో సరిచూడాలి. ట్యూబుపై లేబుల్ రోగి ఎదుటే, రక్తం తీసిన వెంటనే అతికించాలి. ముందుగా లేబుళ్లు అంటించి వరుసగా పేర్చుకున్న ట్యూబులే నమూనాలు తారుమారు కావడానికి మూలం.

మోచేతి మడత మధ్యలో కనిపించే అడ్డ సిరను మొదట వెతకండి. అది అటూ ఇటూ జారదు, ధమనికీ నాడులకూ దూరంగా ఉంటుంది. అది అందకపోతే బొటనవేలి వైపు సిరను చూడండి. చిటికెనవేలి వైపు సిర పక్కనే ధమని, ముఖ్యమైన నాడి ఉంటాయి కాబట్టి దానిని చివరి ఎంపికగా ఉంచుకోండి. కంటికి కనబడే సిర కంటే వేలికి స్పాంజిలా తగిలే సిర నమ్మదగినది. టోర్నికే పట్టీని గుచ్చే చోటికి నాలుగు వేళ్ల వెడల్పు పైన కట్టాలి, ఒక్క నిమిషానికి మించి ఉంచకూడదు. ఎక్కువసేపు బిగిస్తే నీటి భాగం సిర నుంచి బయటికి పోయి ప్రొటీన్లు, కాల్షియం, కొలెస్టరాల్ ఉన్నదాని కంటే ఎక్కువగా వస్తాయి. సిర వెతకడానికే నిమిషం పడితే పట్టీ విప్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ కట్టండి.

70 శాతం ఆల్కహాల్ దూదితో తుడిచి కనీసం అర నిమిషం ఆరనివ్వండి. నోటితో ఊదడం, తుడిచిన తరువాత మళ్లీ వేలితో తడమడం రెండూ శుభ్రతను చెడగొడతాయి. సూది కొన వాలు పైకి ఉండేలా పట్టుకుని, కింద చర్మాన్ని బొటనవేలితో లాగి, 15 నుంచి 30 డిగ్రీల కోణంలో గుచ్చాలి. రక్తం రావడం మొదలవగానే పట్టీ వదులు చేయడం ఉత్తమం. సూది బయటికి తీసే ముందైతే అది తప్పనిసరి. చురుక్కుమన్న నొప్పి కరెంటు షాక్‌లా వేళ్ల దాకా పాకిందని రోగి చెబితే నాడికి తగిలిందని అర్థం. వెంటనే సూది తీసేయండి, లోపల వెతకవద్దు. ప్రకాశవంతమైన ఎర్ర రక్తం కొట్టుకుంటూ వస్తే అది ధమని. సూది తీసి కనీసం ఐదు నిమిషాలు గట్టిగా అదమాలి.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. ప్రతిసారీ "నరం దొరకడం లేదు" అంటూ నాలుగైదు చోట్ల గుచ్చుతారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: పరగడుపు అంటే మంచినీళ్లు కూడా మానాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ముందు రాత్రీ, ఉదయం లేవగానే నీళ్లు తాగితే సిరలు నిండుగా ఉంటాయి, పరీక్షకు ఏ ఇబ్బందీ రాదు. గోరువెచ్చని గుడ్డ మోచేతి మీద కొద్ది నిమిషాలు ఉంచినా, చేతిని కాసేపు కిందికి వేలాడదీసినా సిర తేలుతుంది. వృద్ధుల సిరలు సన్నగా, పెళుసుగా ఉంటాయి గనుక బటర్‌ఫ్లై సూదితో తీయమని అడగండి. ఒక్కరు రెండుసార్లు ప్రయత్నించి విఫలమైతే ఆ పనిని మరొకరికి అప్పగించడం మంచి ల్యాబులు పాటించే పద్ధతి, అలా అడిగే హక్కు మీకుంది. చేతిని చరచడం వల్ల సిర పైకి రాదు, నొప్పి మాత్రమే మిగులుతుంది.

ప్రశ్న: మా బావగారు ఉద్దానం ప్రాంతంవారు, డయాలసిస్ కోసం ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ జరిగింది. ఆ చేతి నుంచి రక్తం తీయవచ్చా? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: తీయకూడదు. ధమనినీ సిరనూ కలిపి చేసిన ఆ మార్గమే ఆయన డయాలసిస్‌కు ఆధారం. ఆ చేతికి సూది, టోర్నికే పట్టీ, బీపీ పట్టీ ఏవీ తగలనివ్వవద్దు. డయాలసిస్ రోజున పరీక్ష అవసరమైతే యంత్రానికి కలిపే సమయంలోనే నమూనా తీసుకునే వీలుంటుంది. ఇంకా ఫిస్టులా దశకు రాని మూత్రపిండాల రోగులు కూడా ముంజేతి సిరలను కాపాడుకోవాలి, వారికి అరచేతి వెనుక సిరల నుంచి తీయించడం మేలు. రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని గ్రంథులు తొలగించిన వైపు చేతినీ, సెలైన్ ఎక్కుతున్న చేతినీ అలాగే వదిలిపెట్టాలి. సెలైన్ కలిసిన నమూనాలో చక్కెర, సోడియం అంకెలు రోగివి కావు, సీసావి.

ప్రశ్న: వారానికి రెండుసార్లు మూడేసి ట్యూబులు తీస్తున్నారు. రక్తం తగ్గిపోదా? (ఒక పాఠకుడు, చెన్నై)

జవాబు: మూడు ట్యూబులు కలిపి సుమారు 10 మిల్లీలీటర్లు. పెద్దవారికి కిలో బరువుకు దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, అంటే 60 కిలోల మనిషికి నాలుగు లీటర్లకు పైనే. రక్తదానంలో ఒకేసారి 350 లేదా 450 మిల్లీలీటర్లు ఇస్తారు. మీరు భయపడవలసిన పని లేదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులలోనూ, ఐసీయూలో రోజుల తరబడి ఉండి రోజూ పలుమార్లు రక్తం ఇచ్చే రోగులలోనూ మాత్రం ఈ లెక్క ముఖ్యం.

ప్రశ్న: రక్తం తీసిన చోట నీలంగా కమిలి వారం దాకా పోలేదు. సూది సరిగా గుచ్చలేదనా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: అన్నిసార్లూ కాదు. దూది పెట్టగానే మోచేయి మడవమని చెప్పడం మన దగ్గర ఆనవాయితీ. అలా మడిస్తే రంధ్రం సరిగా మూసుకోక రక్తం చర్మం కిందికి చేరుతుంది. చేయి చాచి ఉంచి, దూదిపై రెండు మూడు నిమిషాలు అదిమి పట్టుకోవాలి, రుద్దకూడదు. ఆస్పిరిన్, అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ వాడేవారు ఇంకా ఎక్కువసేపు అదమాలి, ఆ మందుల సంగతి ముందే చెప్పాలి. కమిలిన మచ్చ పది రోజుల్లో తగ్గిపోతుంది. వాపు పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా వైద్యునికి చూపించండి.

ప్రశ్న: పుట్టిన మూడవ రోజున మా మనవరాలికి మడమ నుంచి రక్తం తీశారు. అంత పసిబిడ్డకు చేతినుంచే తీయవచ్చు కదా? (ఒక అమ్మమ్మ, నిజామాబాద్)

జవాబు: థైరాయిడ్ లోపం వంటి పుట్టుకతో వచ్చే సమస్యలను పసిగట్టడానికి కొద్ది చుక్కలు చాలు, వాటి కోసం సిరను గుచ్చనక్కరలేదు. మడమ అంచుల దగ్గర, అంటే అరికాలి వైపు లోపలి లేదా బయటి పక్కన, రెండు మిల్లీమీటర్లకు మించని లోతుతో స్ప్రింగు లాన్సెట్‌తో గుచ్చుతారు. మడమ వెనుక గుండ్రని భాగంలో గుచ్చితే ఎముకకు తగిలి ఇన్‌ఫెక్షన్ రావచ్చు గనుక అక్కడ గుచ్చకూడదు. ముందుగా పాదాన్ని వెచ్చబరిచి, మొదటి చుక్కను తుడిచేసి, తరువాతి చుక్కలను ఫిల్టర్ కాగితంపై పడనిస్తారు. పిండితే కణజాల ద్రవం కలిసి ఫలితం చెడుతుంది. ఆ సమయంలో తల్లి పాలు పడుతూ ఉంటే బిడ్డకు నొప్పి తక్కువగా తెలుస్తుంది.

ప్రశ్న: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. వాడిన సూదికి మూత పెడుతుండగా వేలికి గుచ్చుకుంది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, పాడేరు)

జవాబు: మీ ఉత్తరం చేరేసరికి సమయం గడిచిపోయి ఉంటుంది కాబట్టి మీరు ఇప్పటికే వైద్యాధికారిని కలిసి ఉంటారని ఆశిస్తున్నాను, కలవకపోతే ఈరోజే కలవండి. ఇది జరిగిన వెంటనే చేయవలసింది ఏమిటంటే, గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో కడగాలి. పిండడం, నోట్లో పెట్టుకోవడం, బ్లీచింగ్ ద్రావణం పోయడం పనికిరావు. ఆ రోగి అంగీకారంతో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే రెండు గంటల లోపు మొదలుపెట్టడం శ్రేష్ఠం, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. వాటిని 28 రోజులు వాడాలి, హెచ్‌ఐవీ చికిత్స అందించే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో లభిస్తాయి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేసుకోకుండా ఈ వృత్తిలో ఎవరూ పని చేయకూడదు. తీసుకోనివారికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం కావచ్చు. హెపటైటిస్ సికి నివారణ మందు లేదు, అయితే సోకితే నయం చేసే మాత్రలు ఇప్పుడు ఉన్నాయి, అందుకే తరువాతి పరీక్షలు మానకూడదు.

వాడిన సూదికి మూత పెట్టడం అనే అలవాటే ఈ గాయాలకు పెద్ద కారణం. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకుపోని తెల్లని అర్ధపారదర్శక డబ్బాలోకి, సూది తీసిన సిరంజిలు, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లాలి. ఆ తెల్ల డబ్బాను గది మూలన కాకుండా రక్తం తీసే చేతికి అందేంత దూరంలో, బల్ల మీదే ఉంచమని, ముప్పావు వంతు నిండగానే మార్చమని మీ కేంద్రంలో అడగండి.